హిస్టోను గుర్తులు: నిఘంటువా, సుద్దగీతలా?

హిస్టోనులను గురించి పాఠము చెప్పవలసి వచ్చినప్పుడు రెండు వాక్యములతో పని ముగించుట చాలచోట్ల అలవాటైనది. హిస్టోనుకు ఎసిటైల్ సముదాయము చేరితే డి.ఎన్.ఏ. చుట్ట వదులై జన్యువు పనిచేస్తుంది. మిథైల్ సముదాయము చేరితే చుట్ట బిగిసి జన్యువు మూగబోతుంది. వినుటకు తేలిక, జ్ఞాపకముంచుకొనుటకు తేలిక, పరీక్షలో మార్కులు పొందుటకు మరింత తేలిక. ఐతే శాస్త్రవిషయములో తేలికదనము ఒక్కటే యోగ్యత కాదు గదా! ఈ రెండు వాక్యములలో మొదటిది చాలవరకు నిలుస్తుంది. రెండవది నిలువదు. ఎందుకు నిలువదో, దాని వెనుక ఉన్న “హిస్టోను సంకేత లిపి” అను భావనలో గింజ ఎంతో, తాలు ఎంతో విచారించుట ఈ వ్యాసము ఉద్దేశము. ఇందుకు గీటురాయిగా మన హైదరాబాదు శాస్త్రజ్ఞులు 2015లో ప్రకటించిన ఒక పరిశోధనను తీసికొందాము.

ముందుగా విషయమును సంగ్రహముగా చూద్దాము. మనిషి శరీరములోని ఒక్క కణములో ఉన్న డి.ఎన్.ఏ. పోగులనన్నిటిని విప్పి, ఒకదాని చివర ఒకటి పేర్చినచో, పొడవు సుమారు 2 మీటర్లు ఉంటుంది. అది ఇమడవలసిన కేంద్రకము అడ్డుకొలత సాధారణముగా మిల్లీమీటరులో నూరవ వంతు కూడ ఉండదు. ఇంత పొడవైన పోగు చిక్కుపడకూడదు, తెగకూడదు; పైగా కావలసినప్పుడు కావలసినచోట మాత్రమే విప్పుకొనుటకు వీలుగా ఉండవలెను. ఇందుకు కణము అనుసరించు పద్ధతి సాలెవారి ఇంట మనము చూచునదే. నూలును కండెకు చుట్టినట్లు, డి.ఎన్.ఏ.ను హిస్టోనులు అను ప్రోటీనులకు చుట్టి ఉంచుతుంది.

ఈ హిస్టోనులను 1884లో జర్మను శాస్త్రజ్ఞుడు ఆల్‌బ్రెఖ్ట్ కోసెల్ పెద్దబాతు రక్తకణములనుండి వేరుచేసినాడు. అవి డి.ఎన్.ఏ.ను ఏ రీతిగా పట్టి ఉంచుతాయో తెలియుటకు మరి తొంబది ఏండ్లు పట్టినది. 1974లో రోజర్ కోర్న్‌బెర్గ్ దీని పథకమును సూచించినాడు. నాలుగు రకముల హిస్టోనులు, ఒక్కొక్కటి రెండేసి చొప్పున, మొత్తము ఎనిమిది కలిసి ఒక కండె అవుతుంది. దాని చుట్టు 147 జతల క్షారముల పొడవుగల డి.ఎన్.ఏ. ఒకటిన్నర చుట్లకు కొంచెము మించి చుట్టుకొంటుంది. ఈ చుట్టిన కండెకే న్యూక్లియోసోము అని పేరు. 1997లో కరోలిన్ లూగర్, టిమొతి రిచ్‌మండ్, వారి సహచరులు ఎక్స్ కిరణముల సహాయముతో దాని రూపమును పరమాణువుల వివరములతో చిత్రించినారు. కండెనుండి హిస్టోనుల కొసలు బయటికి చాచుకొని ఉంటాయి. వీటిని తోకలు అంటారు. రసాయనిక సముదాయములు వచ్చి చేరుట ఎక్కువగా ఈ తోకలమీదనే కనిపించినది.

ఇక చేరికల సంగతి. డి.ఎన్.ఏ.కు ఋణావేశము ఉన్నది. హిస్టోనులలో లైసీన్, ఆర్జినీన్ అను ఎమైనో ఆమ్లములు ఎక్కువ. వాటికి ధనావేశము ఉన్నది. భిన్నమైన ఆవేశములు ఒకదానినొకటి ఆకర్షించుకొంటాయని తొమ్మిదవ తరగతి విద్యార్థికి కూడ తెలుసు. లైసీనుకు ఎసిటైల్ సముదాయము చేరితే దాని ధనావేశము పోతుంది, పట్టు సడలుతుంది. 1964లో అమెరికాలోని రాక్‌ఫెల్లర్ సంస్థలో విన్సెంట్ ఆల్‌ఫ్రే, ఆయన సహచరులు హిస్టోనులకు ఎసిటైల్, మిథైల్ సముదాయములు చేరుటకును, జన్యువులనుండి ఆర్.ఎన్.ఏ. తయారగుటకును సంబంధముండవచ్చునని సూచించినారు. 2006లో వెలువడిన ఒక ప్రయోగము ఇందుకు మంచి సాక్ష్యము. హెచ్ 4 అను హిస్టోనులోని 16వ లైసీనుకు మాత్రము ఎసిటైల్ చేర్చి న్యూక్లియోసోముల దండను తయారుచేసి చూడగా, అది మామూలు దండవలె దగ్గరగా ముడుచుకొనలేకపోయినది. కనుక మొదటి వాక్యము చాలవరకు నిలుస్తుందని పైన చెప్పినాము.

రెండవ వాక్యము సంగతి వేరు. లైసీనుకు మిథైల్ సముదాయములు ఒకటి చేరవచ్చును, రెండు చేరవచ్చును, మూడు కూడ చేరవచ్చును. మూడు చేరినప్పటికిని దాని ధనావేశము పోదు. అనగా ఆవేశముల లెక్క ఇక్కడ అక్కరకు రాదు. పైగా హెచ్ 3 అను హిస్టోను తోకలో 4వ స్థానమున ఉన్న లైసీనుకు మూడు మిథైలులు చేరియుండుట సాధారణముగా పనిచేయుచున్న జన్యువుల మొదట కనిపిస్తుంది. అదే తోకలో అయిదు స్థానములు దాటి 9వ లైసీనుకు అవే మూడు మిథైలులు చేరియుండుట మూసియున్న డి.ఎన్.ఏ. భాగములలో కనిపిస్తుంది. సముదాయము ఒక్కటే, ఎమైనో ఆమ్లము ఒక్కటే, ఫలితములు మాత్రము ఎదురెదురు. “మిథైల్ చేరితే బిగియును” అని బోధించిన ఉపాధ్యాయుని ఈ ఒక్క ఉదాహరణతో విద్యార్థి నిలదీయవచ్చును.

ఈ చిక్కు ఎట్లు విడినది? 1996లో డేవిడ్ ఆలిస్ బృందము నీటిలో బ్రతుకు టెట్రాహైమెనా అను ఏకకణజీవినుండి హిస్టోనులకు ఎసిటైల్ చేర్చు ఎంజైమును గుర్తించినది. అది ఈస్టులో జన్యువులను పనిచేయించునదిగా అప్పటికే తెలిసిన ఒక ప్రోటీనును పోలియున్నది. అదే సంవత్సరము స్టూఅర్ట్ ష్రైబర్ బృందము ఎసిటైలును తొలగించు ఎంజైమును పట్టుకొన్నది. తరువాత 1999లో ఎసిటైల్ చేరిన లైసీనును గుర్తుపట్టి అంటుకొను ప్రోటీను భాగమొకటి, 2001లో హెచ్ 3లోని 9వ లైసీను మిథైలును గుర్తుపట్టి అంటుకొను ప్రోటీనొకటి బయటపడినవి. దీనితో ఒక సంగతి తేలినది. రసాయనిక సముదాయము తానై చుట్టను బిగించనక్కరలేదు. తనను గుర్తుపట్టగల ప్రోటీనును పిలిచితే చాలును. పని ఆ వచ్చిన ప్రోటీను చేస్తుంది. వ్రాయువారు, తుడుచువారు, చదువువారు అని మూడు రకముల ప్రోటీనులు ఏర్పడినట్లయినది.

వ్రాయుట, చదువుట అను మాటలు వచ్చిన తరువాత లిపి అను మాట రాకుండునా? 2000లో బ్రయన్ స్ట్రాల్, డేవిడ్ ఆలిస్ “హిస్టోను సంకేత లిపి” అను భావనను ప్రతిపాదించినారు. హిస్టోనులమీది గుర్తులు ఒకదానితో ఒకటి కూడి, లేదా ఒకదాని వెంట ఒకటి వచ్చి, నిర్ణీతమైన ఫలితములను కలిగిస్తాయని దాని సారాంశము. ఈ భావన చేసిన మేలును తక్కువ చేయరాదు. చెల్లాచెదురుగా ఉన్న పరిశీలనలను అది ఒక త్రాటిమీదికి తెచ్చినది. ఈ గుర్తును చదువునది ఎవరు, తుడుచునది ఎవరు అని ప్రయోగశాలలు వెదకుటకు ప్రేరణ ఇచ్చినది. గుర్తులు కలిసి పనిచేస్తాయని మూలకర్తలు చెప్పినారేగాని, ఒక్కొక్క గుర్తుకు ఒక్కొక్క అర్థము గల నిఘంటువును వారు వ్రాయలేదు. ఆ నిఘంటువు తరువాతివారి సులభీకరణము. ఐనను లిపి అను పేరే ఆ సులభీకరణమునకు తలుపు తెరచినదని చెప్పక తప్పదు.

లిపి అనగానే మనకు తోచునది జన్యు సంకేత లిపి. 1966 నాటికి పూర్తిగా విప్పబడిన ఆ లిపిలో 64 త్రికములు ఉన్నవి. ఆ పనిలో పాలుపంచుకొన్న హరగోవింద ఖొరానాకు 1968లో నోబెల్ బహుమానము వచ్చినది. అక్కడ ఒక త్రికమునకు ఒకే అర్థము. కొద్దిపాటి మినహాయింపులు తప్ప, ఈస్టునుండి ఏనుగువరకు ఆ అర్థము మారదు. హిస్టోను గుర్తులకు ఈ గుణము ఉన్నదా? మూడు విధములుగా పరీక్షించి చూడవచ్చును.

మొదటిది సార్వత్రికత. రొట్టెలను పొంగించు ఈస్టులో హెచ్ 3లోని 9వ లైసీనుకు మిథైల్ చేర్చు ఏర్పాటే లేదు. ఐనను అది తన డి.ఎన్.ఏ.లో కొన్ని భాగములను మూసి ఉంచగలదు. అందుకు వేరే ప్రోటీనులను వాడుకొంటుంది. మన కణములలో “మూయుము” అని చదువబడు గుర్తు ఆ జీవి పుస్తకములో లేనే లేదు.

రెండవది కార్యకారణ సంబంధము. పనిచేయు జన్యువువద్ద ఒక గుర్తు కనిపించినంత మాత్రమున ఆ గుర్తే జన్యువును పనిచేయించుచున్నదని అనరాదు. పెండ్లి ఇంట పందిరి ఉంటుంది. పందిరి వలన పెండ్లి జరుగదు. దీనిని తేల్చుటకు మార్గము ఒక్కటే: గుర్తు చేరవలసిన స్థానమునే మార్చివేసి చూడవలెను. పండ్ల ఈగలో ఈ పని చేసినారు. 2013లో హెచ్ 3లోని 27వ లైసీనును మిథైల్ చేరుటకు వీలులేని ఎమైనో ఆమ్లముగా మార్చగా, మూసియుండవలసిన జన్యువులు తెరచుకొన్నవి. ఇక్కడ గుర్తు నిజముగా కారణమే. కాని 2012లో 4వ లైసీనును అదేవిధముగా మార్చి చూచినప్పుడు, ఆ ఈగ కణములలో జన్యువులు పనిచేయుట ఆగలేదు. అనగా 27వ స్థానపు గుర్తు స్తంభమువంటిది. 4వ స్థానపు గుర్తు అంతటి ఆధారముగా కనిపించలేదు. రెండింటిని ఒకే పట్టికలో, ఒకే బలముగల పదములుగా వ్రాయుట న్యాయమా?

మూడవది సందర్భము. ఒకే గుర్తుకు అన్నిచోట్ల ఒకే ఫలితమున్నదా అనునది. ఇక్కడికి వచ్చినప్పుడు హైదరాబాదు పరిశోధన మనకు అక్కరకు వస్తుంది. దానికి ముందు ఒక పోలిక చెప్పుకొనుట మంచిది.

రామగిరి మండలములోని సెంటినరీ కాలనీ మొదలు గోదావరిఖని వరకు ఉన్న విద్యార్థులకు బొగ్గుబాయి కొత్త విషయము కాదు. బాయిలో పైకప్పు కూలకుండ నిలుపునవి కలప ఆధారములు, రూఫు బోల్టులు. ఒక బోల్టు తీసివేసినచో పైకప్పు పట్టు తగ్గుతుంది. ఇది ఎవరు చూచినా, చూడకున్నా జరుగునదే. అక్కడనే మరొక రకపు గుర్తు కూడ ఉంటుంది. మైనింగ్ సర్దారు పైకప్పును తట్టి చూచి, వాయువును పరీక్షించి, సుద్దతో తేదీ, సంతకము వేస్తాడు. ఆ సుద్దగీత పైకప్పును మోయదు. వెనుక వచ్చు పనివానికి సంగతి తెలుపుతుంది. దానిని చదువువాడు రాకపోతే ఆ గీతకు ఫలితము లేదు. హెచ్ 4లోని 16వ లైసీను ఎసిటైల్ బోల్టు సడలించుటవంటిది. హెచ్ 3లోని 9వ లైసీను మిథైల్ సుద్దగీతవంటిది. హిస్టోనులమీద జరుగు మార్పులన్నిటికి ఒకే పేరు పెట్టి, అన్నిటిని లిపి అన్నచో, బోల్టును కూడ అక్షరముగా లెక్కించినట్లే. పోలికకు ఒక హద్దు చెప్పవలెను. బాయిలో బోల్టు వేరు, సుద్ద వేరు; కణములో మాత్రము ఒకే సముదాయము ఒక్కొక్కప్పుడు రెండు పనులూ చేయవచ్చును.

ఇప్పుడు హైదరాబాదు సంగతి. అక్కడి డి.ఎన్.ఏ. ఫింగర్‌ప్రింటింగ్, డయాగ్నొస్టిక్స్ కేంద్రములో సంజీవ్ ఖోస్లా నాయకత్వమున ఇమ్తియాజ్ యాసీన్ మొదలైనవారు క్షయ బాక్టీరియాను పరిశీలించినారు. వారి ఫలితములు 2015లో “నేచర్ కమ్యూనికేషన్స్” పత్రికలో వెలువడినవి. క్షయ బాక్టీరియా మన రక్షక కణములలోనే కాపురముండగల జీవి. దానికి కేంద్రకము లేదు, మనవంటి న్యూక్లియోసోములు లేవు. ఐనను అది ఆర్‌వి 1988 అను ఒక ప్రోటీనును తయారుచేస్తుంది. సోకిన కణములో ఈ ప్రోటీను కేంద్రకమునకు చేరి, మన హిస్టోను హెచ్ 3లోని 42వ స్థానమున ఉన్న ఆర్జినీనుకు మిథైలులు చేర్చుచున్నదని వారు చూపినారు. దానితో బాక్టీరియాను మొదటి దశలోనే ఎదుర్కొనవలసిన కొన్ని జన్యువుల పని అణగిపోయినది. ఈ ప్రోటీను లేకుండ చేసిన క్షయ బాక్టీరియా కణములో నిలద్రొక్కుకొను శక్తి తగ్గినది. రోగము కలిగించని స్మెగ్మాటిస్ అను సోదరజాతి బాక్టీరియాకు ఈ ప్రోటీనును ఇచ్చి ఎలుకలకు ఎక్కించగా, ఆ ఎలుకల ఆరోగ్యము దెబ్బతిన్నది. తన ఇంట కండె లేని దొంగ మన కండెను బిగించు కిటుకు తెలిసికొనుట వంటిది ఇది!

ఈ పరిశోధన మన పాఠమునకు మూడు దిద్దుబాట్లు చేస్తుంది. గుర్తు చేరినది వ్రేలాడు తోకమీద కాదు, డి.ఎన్.ఏ. కండెలోనికి వచ్చు, బయటికి పోవు తావువద్ద. కనుక “తోకలే సర్వస్వము” అనుట సరికాదు. చేరినది లైసీనుకు కాదు, ఆర్జినీనుకు. మిథైల్ చేరినను దాని ధనావేశము పోదు. కనుక “ఆవేశమే సర్వస్వము” అనుటయు సరికాదు. మూడవది అన్నిటికంటె ముఖ్యము. 2013లో ఆలిస్ ప్రయోగశాలనుండే ఈ 42వ ఆర్జినీను మిథైలును గురించి మరొక వ్యాసము వెలువడినది. శుద్ధిచేసిన పదార్థములతో పరీక్షనాళికలో చేసిన ఆ ప్రయోగములో, ఇదే స్థానపు మిథైల్ జన్యువు పనిని పెంచినట్లు తేలినది. అక్కడ పెంచినది, ఇక్కడ అణచినదానితో కలిసి కనిపించినది. ఇందులో ఒకరు తప్పు, ఒకరు ఒప్పు అని తీర్పు చెప్పుటకు తొందరపడరాదు. ఒకటి పరీక్షనాళిక, మరొకటి సోకిన సజీవ కణము. చేరుగడలు వేరు, చేర్చిన ఎంజైములు వేరు, చుట్టుప్రక్కల ఉన్న ప్రోటీనులు వేరు. కాని ఒకే అక్షరమునకు ఒకచోట “తెరువుము”, మరొకచోట “మూయుము” అని అర్థము వచ్చుచున్నప్పుడు, దానిని నిఘంటువులో ఏ వరుసన వ్రాయవలెను? లిపి అను పోలిక ఇక్కడ తెగిపోవుచున్నది.

విమర్శ అన్నప్పుడు మన ఊరి పనియని హైదరాబాదు పరిశోధనను కూడ విడువరాదు. విద్యార్థి దానినుండి నేర్చుకొనవలసిన తర్కము ఒకటి ఉన్నది. ప్రోటీనును తీసివేసినప్పుడు బాక్టీరియా బలహీనపడుట, ఆ ప్రోటీను అవసరమని నిరూపిస్తుంది. హిస్టోనుమీది ఆ ఒక్క గుర్తే అందుకు పూర్తి కారణమని ఈ ఒక్క పరీక్ష తనంతట నిరూపించదు; ప్రోటీను ఇంకేదైన పని కూడ చేయుచుండవచ్చును. అది తేలవలెనన్న, పండ్ల ఈగలో వలె, మన కణపు హిస్టోనులోని 42వ స్థానమునే మార్చి చూడవలెను. ఒక ప్రయోగము ఎంతవరకు చెప్పుచున్నదో అంతవరకే తీసికొనుట దానిని అగౌరవపరచుట కాదు. అది దానికి ఇచ్చు సరియైన గౌరవము.

ఈ వివేచన వలన మన పిల్లలకు లాభమేమి అని అడుగవచ్చును. లాభమున్నది. గనిలో రాతిధూళి, అందులోను సిలికా ధూళి, ఊపిరితిత్తులలో చేరిన కార్మికునికి క్షయ వచ్చు ప్రమాదము ఎక్కువ అని వైద్యశాస్త్రము చాలకాలముగా చెప్పుచున్నది. బొగ్గుబాయి ప్రాంతములో క్షయ పుస్తకములోని మాట మాత్రమే కాదు. అటువంటిచోట “రోగక్రిమి మన జన్యువులను మూసివేయును” అను వార్త సగము అర్థమైనచో రెండు అపాయములు ఉన్నవి. ఒకటి నిరాశ: జన్యువులే చెడినవి, ఇక మందులెందుకు అని. రెండవది దురాశ: జన్యువులను తెరచు ఆహారము, లేహ్యము ఉన్నదని చెప్పువారిని నమ్ముట. రెండును తప్పే. హిస్టోను గుర్తులు జన్యువుల అక్షరములను మార్చవు. వాటిని చేర్చు ఎంజైములున్నట్లే, వాటిలో చాలవాటిని తుడుచు ఎంజైములు కూడ ఉన్నవి. క్షయకు మందులున్నవి; వైద్యుడు చెప్పిన కాలమంతయు మానక వాడుటయే మార్గము. ఆర్‌వి 1988ను అణచు మందు ఎప్పుడో రావచ్చునని ఆశించుట వేరు, ఉన్నదని ప్రచారము చేయుట వేరు.

హిస్టోనులతో సంబంధమున్న మందులు అసలు లేవా అన్నచో, ఉన్నవి. ఎసిటైలును తొలగించు ఎంజైములను అడ్డగించు వోరినోస్టాట్ అను మందును, చర్మమునకు సోకు ఒక రకపు లింఫోమా కాన్సరుకు వాడుటకు 2006లో అమెరికాలో అనుమతించినారు. కాని ఆ ఎంజైములు హిస్టోనులమీదనే గాక, కణములోని అనేక ఇతర ప్రోటీనులమీద కూడ పనిచేస్తాయి. కావున ఆ మందు గుణమంతయు హిస్టోనుల చుట్ట వదులగుట వలననే అని చెప్పుటకు వీలులేదు. సులభమైన వాక్యము ఇక్కడ కూడ మనలను మోసగించగలదు.

మరి తరగతిలో ఏమి చెప్పవలెను? సంకేత లిపి అను మాటను నిషేధించవలెనని మా అభిప్రాయము కాదు. చరిత్రగా చెప్పవచ్చును, అది తెరచిన దారిని మెచ్చుకొనవచ్చును. దాని ప్రక్కనే నాలుగు ప్రశ్నలను నల్లబల్లమీద వ్రాయవలెను. ఏ సముదాయము చేరినది? హిస్టోనులో ఏ స్థానమున చేరినది? దానిని ఏ ప్రోటీను గుర్తుపట్టుచున్నది? ఆ స్థానమును మార్చి చూచినప్పుడు ఏమి జరిగినది? నాలుగవ ప్రశ్నకు సమాధానము లేనంతవరకు “కలిసి కనిపించును” అని వ్రాయవలెను, “కలిగించును” అని వ్రాయరాదు. పదవ తరగతి విద్యార్థికి కూడ ఈ రెండు క్రియలకు గల భేదము బోధపడుతుంది. అది బోధపడినవాడు ఒక్క హిస్టోనుల విషయములోనే కాదు, పత్రికలో వచ్చు ఏ ఆరోగ్యవార్తనైనను జాగ్రత్తగా చదువగలడు.

మొదట చెప్పిన రెండు వాక్యముల స్థానమున మూడు వాక్యములను వ్రాయించవచ్చును. హిస్టోనులమీది రసాయనిక మార్పులు కొన్ని డి.ఎన్.ఏ. చుట్టను స్వయముగా సడలిస్తాయి. కొన్ని ఇతర ప్రోటీనులను పిలిచి వాటిచేత చుట్టను తెరపిస్తాయి, లేదా మూయిస్తాయి. ఏ మార్పు ఫలితమైనను స్థానమును, సందర్భమును బట్టి ఉంటుంది. ఇవి ముందటి వాక్యములకంటె కొంచెము పొడవు. కాని పరీక్ష ముగిసిన తరువాత కూడ నిజముగా నిలుస్తాయి.